ఇంకో దెబ్బ ఎప్పుడు? మీ టేబుల్‌కి సరిపోయే అదనపు యాక్షన్ రూల్ ఏదో తేల్చుకోవడం

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఏది పడినా ఇంకో పందెం మీదే. ఎదుటివాళ్ల కాయని చంపినా మళ్లీ మీదే. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో దాదాపు ప్రతి రూల్ మీదా కొట్టుకున్నాం గానీ దీని మీద ఎప్పుడూ కొట్టుకోలేదు. అదనపు పందెం ఎప్పుడొచ్చిందో గవ్వలే చెప్పేస్తాయి. వచ్చినదాన్ని అక్కడికక్కడే వేసేయాలి. దాచుకుని, ఎదుటివాడు వేస్తుంటే మధ్యలో "ఆగు, నా పందెం ఒకటి బాకీ ఉంది" అనడానికి వీల్లేదు.

టేబుల్‌టాప్ ఆర్‌పీజీల్లో, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేస్తూ డైస్‌తో ఆడే కథల ఆటల్లో, అలా అనడానికి వీలుంది. తంటా అంతా అక్కడే.

పోయిన నెల కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో ఆరుగురం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, డీఎం (కథ నడిపి, శత్రువుల్ని ఆడించేవాడు) నేనే. గోబ్లిన్ నాయకుడి కత్తి దెబ్బకి డైస్ వేశాను, 16 వచ్చింది, తగిలిందన్నాను. మంత్రగత్తె క్యారెక్టర్ ఆడే కుర్రాడు లేచాడు: "అన్నా ఆగు, నేను షీల్డ్ వేస్తున్న." షీల్డ్ అంటే దెబ్బని అడ్డుకునే మంత్రం. పక్కనున్నవాడు ఒప్పుకోలేదు: "డైస్ పడ్డంక చెప్తే ఎట్ల భాయ్? తొండి గది." పుస్తకం తీశాం, ఫోన్లు తీశాం, గొంతులు లేచాయి, చాయ్ చల్లారింది. ఇరవై నిమిషాల తర్వాత ఎల్బీ నగర్ పోవాల్సినవాడు మెట్రో టైం అయిందని బ్యాగు తగిలించుకున్నాడు. ఆ కత్తి ఇంకా గాల్లోనే ఉంది.

ఆ గొడవ తర్వాత మేం ఇంతకుముందు ఆడిన ఆటలన్నిటినీ ఈ ఒక్క కోణంలో మళ్లీ తిరగేశాను. ఏ ఆట మంచిదో తేల్చడం ఇక్కడ నా పని కాదు. మామూలు వంతుకి మించి చేసే పనికి ఒక్కో ఆట సమయం ఎలా పెట్టింది, అది ఎలాంటి గుంపుకి నప్పుతుంది అన్నదే చెప్తాను.

## ముందు ఏం చూడాలి

కొత్తవాళ్లు మొదట అడిగేది "వంతుకి ఎన్ని దెబ్బలు?" అని. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న.

మొదట అడగాల్సింది, అదనంగా చేస్తానని ఎప్పుడు నోరు విప్పాలి అని. డైస్ వేయకముందా, పడ్డాకా, దెబ్బ ఎంత తగిలిందో తెలిశాకా? తగువులు నూటికి తొంభై ఇక్కడే పుడతాయి. మా ఇంట్లో పుట్టిందీ ఇక్కడే.

తర్వాతిది, ఒకరు రెండు మూడు పనులు చేస్తుంటే మిగతావాళ్లు ఏం చేస్తారని. మర్యాదగా చూస్తారని రూల్స్ రాసేవాళ్లు అనుకుంటారు. మన దగ్గర ఫోన్ తీస్తారు. ఒకసారి రీల్స్‌లోకి వెళ్లినవాణ్ని మళ్లీ కోటలోకి తేవడానికి డీఎం చాలా కష్టపడాలి.

ఆ పైన ధర. అదనపు పని ఊరికే వస్తే అందరూ అదే చేస్తారు, మరీ ఖరీదైతే ఎవరూ చేయరు. ఇక గుర్తుపెట్టుకోవాల్సిన భారం ఎంత, అది ఎవరి మీద పడుతుంది అన్నది కూడా చూడాలి. ఆరుగురి లెక్కలూ డీఎం ఒక్కడే మోసే ఆట మూడు వారాలు దాటదు.

అన్ని ఆటల్నీ ఒకే సన్నివేశంలో పెట్టి చూద్దాం. కోట పేరు మీ ఇష్టం, నేను మాత్రం గోల్కొండని మనసులో పెట్టుకునే గీశాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుందని గైడ్లు చేసి చూపిస్తారు కదా, అదే మన సంకేతం. కింద ద్వారం పక్కన దొంగ నక్కి ఉంది. పై బురుజులో విలుకాడు. దొంగ చప్పట్లు కొట్టగానే అతను కాపలావాడి మీద బాణం వదలాలి. ద్వారం ముందు ఈటెతో ఒక ఫైటర్, వెనక మంత్రగత్తె. ఎదురుగా శత్రు నాయకుడు, వాడి మనుషులు.

## డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్: మూడు వేరు వేరు జేబులు

ఇక్కడ ఒక రౌండ్ అంటే 6 సెకన్లు. మీ వంతులో కొంత నడక, ఒక యాక్షన్. మీ క్లాస్ (ఫైటర్, దొంగ లాంటి క్యారెక్టర్ రకం) గానీ, మంత్రం గానీ, ఇంకేదైనా ప్రత్యేకత గానీ ఇస్తేనే ఒక బోనస్ యాక్షన్. ఇవి కాక ఒక రియాక్షన్, దీన్ని ఎదుటివాళ్ల వంతులో కూడా వాడుకోవచ్చు. వాడేస్తే మళ్లీ మీ వంతు మొదలయ్యేదాకా లేదు.

వీటిని మూడు జేబులనుకోండి. ఒక జేబులో డబ్బు ఇంకో జేబులోకి మారదు. యాక్షన్ వదులుకుని రెండో బోనస్ యాక్షన్ చేస్తానంటే కుదరదు. కొత్తవాళ్లకి మింగుడు పడనిది ఇదే: "పెద్దది వదులుకుని చిన్నది తీసుకుంటానంటే ఒప్పుకోరేంటి?" ఒప్పుకోరు, అంతే. బోనస్ యాక్షన్ అన్నది అందరికీ దొరికే చిల్లర కాదు, ఫలానా శక్తికి కట్టిపెట్టిన వరం.

బోనస్ యాక్షన్ సమయంతో పెద్ద చిక్కు లేదు. మీ వంతులో ఎప్పుడైనా వాడుకోవచ్చు, ఆ శక్తి వివరణలోనే వేరే సమయం రాసి ఉంటే తప్ప. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టినవాడు ముందు ఒక కత్తితో దాడి చేస్తేనే రెండోది వస్తుంది.

అసలు చిక్కు రియాక్షన్‌తో. అన్ని రియాక్షన్లకీ సమయం ఒకటే అనుకుంటాం, కాదు. శత్రువు మీ అందుబాటు దాటి పోతుంటే కొట్టే ఆపర్చునిటీ అటాక్ వాడు దాటడానికి సరిగ్గా ముందు జరుగుతుంది. ముందే సిద్ధం చేసుకున్న రెడీ యాక్షన్, సంకేతం పూర్తయిన తర్వాత జరుగుతుంది. షీల్డ్ మంత్రం దెబ్బ తగిలిందని తెలిశాక వేసేది. కవచం విలువ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె) 5 పెరుగుతుంది, ఆ పెరుగుదల అప్పుడే తగిలిన దెబ్బకీ వర్తిస్తుంది. అంటే ఒకే జేబులోంచి తీసే మూడు పనులు మూడు వేర్వేరు క్షణాల్లో జరుగుతాయి. రియాక్షన్ ఎప్పుడు అన్నదానికి ఉమ్మడి సమాధానం వెతకొద్దు, ఆ శక్తి వివరణలో మొదటి వాక్యం చదవండి. మేం అది చదవకుండా ఇరవై నిమిషాలు అరుచుకున్నాం. డైస్ పడ్డాక షీల్డ్ వేస్తానన్న కుర్రాడిదే రైటు.

ఇప్పుడు మన విలుకాడు. తన వంతులో యాక్షన్ ఖర్చుపెట్టి "చప్పట్లు వినపడితే కాపలావాడి మీద బాణం" అని సిద్ధమవుతాడు. చప్పట్లు పడ్డాక రియాక్షన్ ఖర్చుపెట్టి వదులుతాడు. రెండు జేబులు ఖాళీ, వెళ్లింది ఒక్క బాణం. ఐదో లెవెల్లో వచ్చే ఎక్స్‌ట్రా అటాక్ ఉన్నా ఒకటే, ఎందుకంటే ఆ రెండో దెబ్బ తన వంతులో చేసే దాడికే. దొంగ చప్పట్లు కొట్టడం మర్చిపోయి విలుకాడి వంతు మళ్లీ వచ్చేస్తే ఆ యాక్షన్ గంగలో కలిసినట్టే. మంత్రం రెడీ పెట్టుకుంటే నష్టం ఇంకా ఎక్కువ: ఏకాగ్రత నిలుపుకోవాలి, వదలకపోయినా స్లాట్ (మంత్రం వేయడానికి ఉండే పరిమిత అవకాశాల్లో ఒకటి) పోతుంది.

అదే దొంగకైతే ఎదుటివాళ్ల వంతులో కొట్టడం పండగే. స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టే పెద్ద దెబ్బ) పరిమితి రౌండ్‌కి ఒకసారి అని కాదు, వంతుకి ఒకసారి అని రాశారు. తన వంతులో ఒకటి వాడి, షరతులు కుదిరితే శత్రువు వంతులో రియాక్షన్‌తో ఇంకోటి కొట్టొచ్చు. ఒక్క పదం తేడాతో ఒక క్లాస్ ఆడే తీరే మారిపోయింది.

ఫైటర్‌కి రెండో లెవెల్లో యాక్షన్ సర్జ్ అనే అదనపు యాక్షన్ వస్తుంది. కాసేపు విశ్రాంతి తీసుకుంటే గానీ రెండోసారి దొరకదు. ఇందులో నాకు నచ్చేది, సమయం గురించి వాదనకి తావివ్వకపోవడం: తన వంతులోనే, ఇంకో యాక్షన్, అదనపు బోనస్ యాక్షన్ ఏమీ రాదు. 2024 పుస్తకంలో ఆ అదనపు యాక్షన్‌తో మ్యాజిక్ చేయకూడదని కూడా కలిపారు. అదే ఏడాది మందు సీసా తాగడాన్ని బోనస్ యాక్షన్‌గా మార్చారు. 2014 పుస్తకంలో అది పూర్తి యాక్షన్. చాలా టేబుళ్లలో ఎప్పటినుంచో ఇంటి రూల్‌గా నడుస్తున్నదే చివరికి పుస్తకంలోకెక్కింది.

ఆరుగురు కలిసి ఒక్కడి మీద పడితే ఆ ఒక్కడు ఎంత పెద్ద డ్రాగన్ అయినా మూడు రౌండ్లు నిలవడు. అందుకే పెద్ద శత్రువులకి లెజెండరీ యాక్షన్లు పెట్టారు. ఇవి వాళ్ల వంతులో రావు, ఇంకొకరి వంతు ముగిసిన క్షణంలో ఒకసారికి ఒకటి వాడాలి. 2014 రూల్స్‌లో డ్రాగన్‌కి ఇవి మూడు. తోకతో కొడితే ఒకటి ఖర్చు, రెక్కలు విదిలిస్తే రెండు. అదనపు పనికి ఇంతకంటే శుభ్రమైన సమయం నేను ఎక్కడా చూడలేదు. ఎవరినీ మధ్యలో ఆపదు, ఎవరి డైస్‌నీ వెనక్కి తిప్పదు. మీరు వేరే ఆట ఆడుతున్నా ఈ ఒక్కటి అరువు తెచ్చుకోండి.

## పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్: మూడు నాణేలు

2019లో వచ్చిన ఈ ఎడిషన్ జేబుల గోలంతా తీసేసింది. వంతుకి మూడు యాక్షన్లు, రౌండ్‌కి ఒక రియాక్షన్. నడక ఒక నాణెం, కొట్టడం ఒకటి, కింద పడితే లేవడం ఒకటి, ఆయుధం తీయడం ఒకటి. మంత్రాలు చాలావరకు రెండు.

మరి మూడుసార్లూ కొట్టేయొచ్చు కదా అంటారా? కొట్టొచ్చు. రెండో దెబ్బకి డైస్‌లో 5 తగ్గుతుంది, మూడో దెబ్బకి 10. చురుకైన చిన్న ఆయుధాలకైతే 4, 8. మూడో దెబ్బ తగలడం దాదాపు లాటరీ. ఫలితంగా మూడో నాణెంతో డాలు ఎత్తాలా, ఒక అడుగు వెనక్కి వేయాలా, శత్రువుని బెదిరించాలా అని ఆలోచిస్తారు. డాలు ఎత్తితే మామూలుగా కవచం విలువ 2 పెరుగుతుంది. ఈ "మూడోదాంతో ఏం చేద్దాం" అన్న చిన్న ఆలోచనే ఈ ఆట రుచి. వంతు ఉన్నవాడికి బాగుంటుంది. వంతు కోసం చూసేవాళ్లకి? నా అనుభవంలో నలుగురి దాకా బాగుంటుంది, ఆరుగురైతే సాగుతుంది.

సమయం విషయంలో దీని పెద్ద ఉపకారం వేరే ఉంది. శత్రువు కదిలినప్పుడు కొట్టే రియాక్షన్ ఇక్కడ అందరికీ లేదు. ఫైటర్‌కి మొదటి లెవెల్ నుంచే ఉంటుంది, చాలా క్లాసులకీ చాలా రాక్షసులకీ ఉండదు. దీని పాత పేరు అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ, 2023లో మొదలైన రీమాస్టర్ (సవరించిన) పుస్తకాల్లో రియాక్టివ్ స్ట్రైక్ అయింది. ఎవరో అడుగు వేసిన ప్రతిసారీ టేబుల్ చుట్టూ నాలుగు చేతులు లేవవు. లేచే చేయి ఒకటే ఉంటుంది, అది ఎవరిదో అందరికీ తెలుసు.

మన విలుకాడు ఇక్కడ రెడీకి రెండు యాక్షన్లు కట్టాలి, సంకేతం రాగానే రియాక్షన్ వాడాలి. మిగిలిన ఒక్క యాక్షన్‌తో ముందే ఓ బాణం వేసి ఉంటే, ఆ తగ్గింపు రెడీ పెట్టిన బాణానికీ అంటుకునే వస్తుంది. ఫైటర్ చేసే రియాక్టివ్ స్ట్రైక్‌కి మాత్రం ఆ తగ్గింపు లేదు. ఒకటి తన వంతు పనిని వాయిదా వేసుకోవడం, ఇంకోటి ఎదుటివాడి పొరపాటుని పట్టుకోవడం. తేడా న్యాయంగానే ఉంది, కానీ మొదటి నెలలో ఎవరికీ గుర్తుండదు.

వేగం పెంచే హేస్ట్ మంత్రం ఇక్కడ నాలుగో నాణెం ఇస్తుంది. దానితో కొట్టడమో, నడవడమో మాత్రమే.

## సావేజ్ వరల్డ్స్: పేకముక్కలు

మన ఇళ్లలో పేక ఆడని కుటుంబం అరుదు. అందుకే ఈ ఆట వంతుల పద్ధతి చెప్పడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టదు. జోకర్లతో కలిపి 54 ముక్కలు. ప్రతి రౌండ్‌కీ కొత్తగా పంచుతారు. ఆసు ముందు, రెండు చివర. సమానమైతే ఇస్పేటు, ఆఠీను, డైమండ్, కళావరు వరసలో. జోకర్ పడినవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎవరి వంతునైనా ఆపి ఆడొచ్చు. పైగా ఆ రౌండ్‌లో వాళ్ల డైస్‌కి, దెబ్బకి 2 కలుస్తుంది. ఒక్కరికి జోకర్ పడితే ఆటగాళ్లందరికీ తలా ఒక బెన్నీ వస్తుంది, దాన్ని తర్వాత డైస్ మళ్లీ వేసుకోవడానికి వాడుకోవచ్చు. రమ్మీలో జోకర్ చూసి మొహంలో తెలియకుండా దాచుకునే మనవాళ్లు ఇక్కడ ముక్క ఎగరేసి చూపిస్తారు.

అదనపు యాక్షన్లు వంతుకి మొత్తం మూడు దాకా. ఒక్కోటి పెంచుకున్న కొద్దీ చేసే అన్ని పనులకీ 2 చొప్పున తగ్గుతుంది. రెండు పనులైతే రెండింటికీ 2, మూడైతే మూడింటికీ 4. ఎన్ని చేస్తారో, ఏవేవి చేస్తారో డైస్ ముట్టకముందే చెప్పేయాలి. మొదటి దెబ్బ తగిలితే చూద్దాం, తగలకపోతే డాలు ఎత్తుకుందాం అన్న బేరాలు నడవవు. పాత్‌ఫైండర్‌లో ఫలితం చూసి తర్వాతి నాణెం ఖర్చుపెడతారు, ఇక్కడ బిల్లు ముందే కట్టి తింటారు. టేబుల్ వేగానికి ఈ తేడా చాలా పెద్దది. వాళ్లు ఏం చేస్తారో వినేశాం కాబట్టి డైస్ పడేటప్పుడు అందరూ చూస్తారు.

విలుకాడికి ఇక్కడ హోల్డ్ ఉంది. తన వంతు వచ్చినప్పుడు "ఆగుతున్నా" అంటే చాలు, ఏం చేస్తాడో, ఏ సంకేతానికి చేస్తాడో చెప్పనక్కర్లేదు. చప్పట్లు పడ్డాక కాపలావాడు కదిలేలోపు కొట్టాలంటే ఇద్దరూ అథ్లెటిక్స్ డైస్ వేస్తారు, గెలిచినవాడు ముందు. చప్పట్లు ఈ రౌండ్‌లో పడకపోతే హోల్డ్ తర్వాతి రౌండ్‌కి వెళ్తుంది, కొత్త ముక్క మాత్రం పంచరు. ఈ మధ్యలో దెబ్బ తిని షేకెన్ (తడబడిన స్థితి) అయితే హోల్డ్ పోతుంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో రెడీకి పెట్టిన షరతులతో పోలిస్తే ఇది ఎంతో ఉదారం.

లోటు కూడా చెప్పాలి. రౌండ్ రౌండ్‌కీ వంతులు తారుమారైతే వ్యూహం పన్నేవాళ్లకి చిరాకు. "మొదట నేను తలుపు తీస్తా, తర్వాత నువ్వు మంట వెయ్" అన్న ప్లాన్ ముక్కలు పంచగానే తలకిందులవుతుంది. చెస్ ఆడే మా బావగారు ఒకే ఒక్కసారి కూర్చుని మళ్లీ రాలేదు.

## షాడోరన్: వేగంగా ఉన్నవాడికి మళ్లీ వంతు

ఇది వేరే తత్వం. మిగతా ఆటలు వంతులో పనులు పెంచితే, ఇది వంతులనే పెంచుతుంది. 1989లో వచ్చిన ఈ సైబర్‌పంక్ ఆటలో ఎవరు ముందో తేల్చే ఇనిషియేటివ్ డైస్ ఎంత వస్తే అక్కడ మొదటి వంతు, పది తీసేసి రెండోది, ఇంకో పది తీసేసి మూడోది. నరాల్లో తీగలు అమర్చుకున్న సమురాయ్‌కి 27 వస్తే 27లో, 17లో, 7లో ఆడతాడు. మామూలు మనిషికి 12 వస్తే 12లో, 2లో.

పాత ఎడిషన్లలో అంకెలు పైనుంచి కిందికి వరసగా లెక్కపెట్టేవాళ్లు. అంటే సమురాయ్ రెండుసార్లు కాల్చాక గానీ మిగతావాళ్లు కదలరు. కథలో అద్భుతం, టేబుల్ దగ్గర నరకం. 1998లో వచ్చిన మూడో ఎడిషన్ దీన్ని సరిదిద్దింది: మొదటి విడతలో అందరూ ఒక్కోసారి, ఆ తర్వాతే వేగంగలవాళ్ల రెండో విడత. వంతుల సంఖ్య మారలేదు, వాటి చోటు మారింది, అంతే. ఈ పోలిక మొత్తంలో నాకు ఎక్కువ నేర్పిన మార్పు ఇదే. అదనపు వంతు ఎక్కడ పెట్టారన్నది ఎన్ని ఇచ్చారన్నదానికంటే ఎక్కువ తేడా చేస్తుంది.

2013 నాటి ఐదో ఎడిషన్‌లో ఇంకో తెలివైన మెలిక ఉంది. ఎదుటివాళ్ల వంతులో తప్పుకోవాలంటే రియాక్షన్ లాంటి జేబేమీ లేదు, మీ ఇనిషియేటివ్ అంకెలోంచే కట్టాలి. మీకు 14 ఉందనుకోండి. ఈ రౌండ్‌లో రెండు వంతులు, 14లో ఒకటి, 4లో ఒకటి. మొదటి వంతు రాకముందే ఎవరో కాల్చారు, మీరు డాడ్జ్ చేశారు (తప్పుకున్నారు), 5 పోయింది. ఇప్పుడు 9లో ఆడతారు, పది తీసేస్తే సున్నా కింద. రెండో వంతు గోవిందా. అదే 16 ఉండి ఉంటే డాడ్జ్ చేసినా 11, రెండో వంతు బతికే ఉండేది. భయపడి తప్పుకున్నవాడు వెనకబడతాడన్న మాటని లెక్కలోనే కుట్టేశారు. 2019 నాటి ఆరో ఎడిషన్ ఈ విడతలన్నీ ఎత్తేసి, ఒకే వంతులో మేజర్, మైనర్ యాక్షన్లు పెట్టింది. నాలుగు మైనర్లు కలిపి ఒక మేజర్‌గా మార్చుకోవచ్చు. సులువైంది, కానీ ఆ పాత కిక్ లేదు.

గర్ప్స్ అనే ఇంకో ఆట గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక్క మాట. అక్కడ వంతు అంటే 1 సెకను, మామూలుగా ఒకటే పని. అదనపు దాడి కావాలంటే క్యారెక్టర్ తయారుచేసేటప్పుడే 25 పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి, మొత్తంగా రెండో వంతే కావాలంటే 100. సమయం గొడవ తక్కువ, క్యారెక్టర్ తయారీకి మాత్రం ఒక ఆదివారం పూర్తిగా పోతుంది.

## ఒక్క చూపులో

| | డీ అండ్ డీ 5 | పాత్‌ఫైండర్ 2 | సావేజ్ వరల్డ్స్ | షాడోరన్ 5 |
|---|---|---|---|---|
| అదనంగా దొరికేది | బోనస్ యాక్షన్, రియాక్షన్ | మూడు యాక్షన్లు, రియాక్షన్ | మూడు యాక్షన్ల దాకా | అదనపు వంతులు |
| ఎప్పుడు చెప్పాలి | ఆ శక్తి వివరణని బట్టి | ఒక్కోటి చేస్తూ చేస్తూ | డైస్ వేయకముందే అన్నీ | అంకె వచ్చినప్పుడు |
| ధర | ఆ జేబు ఖాళీ | తర్వాతి దెబ్బలకి 5, 10 తగ్గింపు | అన్ని పనులకీ 2 చొప్పున తగ్గింపు | ఇనిషియేటివ్ అంకె |
| సంకేతం కోసం ఆగడం | యాక్షన్ పోయి, రియాక్షన్ కూడా | రెండు యాక్షన్లు, రియాక్షన్ | హోల్డ్, ముందస్తు ఖర్చు లేదు | వంతు వాయిదా |
| తగువు పుట్టే చోటు | రియాక్షన్ క్షణం | రెండో, మూడో దెబ్బ తగ్గింపు | దాదాపు లేదు | అంకెల లెక్క |

## హేస్ట్‌తో ఒక చిన్న పరీక్ష

ఏ ఆటకైనా అదనపు యాక్షన్ అంటే ఎంత భయమో తెలుసుకోవాలంటే అందులో హేస్ట్ మంత్రం వెతకండి. పాత అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీలో అది పడితే వేగంతోపాటు వయసు ఒక ఏడాది పెరిగేది. 2000లో మూడో ఎడిషన్ ఆ శిక్ష తీసేసి అదనపు సగం యాక్షన్ ఇచ్చింది. మంత్రగాళ్లు దాంతో రౌండ్‌కి రెండు మంత్రాలు వేసి ఆటని కూల్చేశారు. 2003లో 3.5 ఎడిషన్ వచ్చేసరికి అది ఒక అదనపు దెబ్బకి కుదించుకుపోయింది. ఐదో ఎడిషన్‌లో అదనపు యాక్షన్ ఉంది గానీ, దాడికి వాడితే ఒక్క దెబ్బే, మంత్రానికి అసలు కుదరదు, ప్రభావం తీరగానే ఒక వంతు మొత్తం పోతుంది. ఇన్నేళ్ల బేరం చూశాక, "మా టేబుల్‌లో హేస్ట్‌తో ఏదైనా చేయొచ్చు" అని మీరు ఉదారంగా ప్రకటించే ముందు ఒకసారి ఆగండి.

బాల్డర్స్ గేట్ 3 ఆడి వచ్చినవాళ్లకి ఇది మరీ ముందుగా చెప్పాలి. ఆ కంప్యూటర్ గేమ్‌లో హేస్ట్ పూర్తి యాక్షన్ ఇస్తుంది, తోసేయడం బోనస్ యాక్షన్. టేబుల్ మీద తోసేయడం ఒక దాడి స్థానంలో చేసేది. వాళ్లు తొండి చేయట్లేదు, వేరే ఊరి రూల్ తెచ్చుకున్నారు.

## ఎవరికి ఏది

మీ గుంపులో ఆరుగురు ఉండి, అందులో ముగ్గురు మొదటిసారి వచ్చినవాళ్లై, చేతిలో ఉన్నది మూడు గంటలే అయితే సావేజ్ వరల్డ్స్. ఇందులో నాకు అనుమానమే లేదు. పేకముక్కలు ఇంట్లో ఉంటాయి, వంతు ఎవరిదో అందరికీ ఎదురుగా కనపడుతుంది, ముందే చెప్పాలన్న ఒక్క రూల్‌తో సగం వాదనలు ఆగిపోతాయి.

ముగ్గురు నలుగురు, వారం వారం తప్పకుండా కలిసేవాళ్లు, ఉద్యోగంలో కూడా ఎక్సెల్ షీట్లంటే విసుగు లేనివాళ్లైతే పాత్‌ఫైండర్. రూల్స్ మొత్తం ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు కాబట్టి తెప్పించుకునే పుస్తకాల ఖర్చు వాయిదా వేసుకోవచ్చు. మొదటి మూడు ఆటలు నత్తనడకే అని ముందే అనుకుని కూర్చోండి.

స్నేహితులు వీడియోలు చూసి, బాల్డర్స్ గేట్ 3 ఆడి, "డీ అండ్ డీ ఆడదాం" అని వాళ్లంతట వాళ్లే అడుగుతుంటే డీ అండ్ డీనే ఆడండి. ఉత్సాహానికి అడ్డుపడి ఇంకో ఆట రుద్దడం దండగ. 5.1 రూల్స్ పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద పెట్టారు, మొదలుపెట్టడానికి అది చాలు. రియాక్షన్ ఉన్న ప్రతివాళ్ల ముందూ ఒక రూపాయి నాణెం పెట్టండి, వాడితే బోర్లించాలి, వాళ్ల వంతు రాగానే మళ్లీ తిప్పాలి. షీట్ మీద రియాక్షన్ పేరు పక్కన "ముందు", "తర్వాత" అని ఒక్క మాట రాయించండి. ఈ రెండూ పెట్టాక మా ఇంట్లో గొంతులు లేవలేదు.

షాడోరన్ విడతల పద్ధతి ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లకే. ఒకరి వేగాన్ని ఇంకొకరు ఆనందంగా చూడగలిగే స్నేహం ఉండాలి. నలుగురు దాటితే నేను దాని జోలికి పోను. కథలో ఆ వేగం తప్పనిసరి అనుకుంటే మూడో ఎడిషన్ వరస తీసుకోండి, పాత వరస వద్దు.

డీఎం మీరొక్కరే అయి, పోయిన సంవత్సరం అలసిపోయి ఆపేసినవాళ్లైతే, ఆటగాళ్లకి ఏది నచ్చుతుందో తర్వాత చూడొచ్చు. ముందు మీ లెక్కలు తగ్గించేది వెతకండి. సావేజ్ వరల్డ్స్‌లో ఒక గుంపు శత్రువులకి ఒకే ముక్క. పది మంది కాపలావాళ్లకి కళావరు ఏడు పడితే పది మందీ ఏడులోనే కదులుతారు. వేరే ఆటల్లో కూడా ఈ పని చేసుకోవచ్చు.

ఆటలు కలపడం గురించి కూడా అడుగుతుంటారు. డీ అండ్ డీలో మూడు నాణేలు పెడితే ఎలా ఉంటుందని మేం ప్రయత్నించాం. ఫైటర్ ఎక్స్‌ట్రా అటాక్ మూడు రెట్లై శత్రు నాయకుడు ఒక్క వంతులో పోయాడు. తగ్గింపు లేకుండా నాణేలు మాత్రమే తెచ్చుకున్నాం మరి. అరువు తెచ్చుకుంటే ధరతో సహా తెచ్చుకోవాలి.

తేల్చుకోలేకపోతే ఒక ఆదివారం పైన చెప్పిన కోట సన్నివేశాన్నే రెండు ఆటల్లో నడపండి. అవే నాలుగు క్యారెక్టర్లు, అదే ద్వారం, అవే చప్పట్లు, ఒక్కో ఆటకి మూడు రౌండ్లు. అభిప్రాయాలు అడగొద్దు, మొహమాటానికి అందరూ రెండూ బాగున్నాయంటారు. మూడో రౌండ్‌లో వంతు లేనివాళ్లలో ఎంతమంది చేతిలో ఫోన్ ఉందో లెక్కపెట్టండి.